పెగ్మటైట్ జోన్లు ఉల్లిపొరల్లా ఉండవా? నా మ్యాపు నిండా ఎర్ర ఇంకే

పలుగురాయి_పిల్ల
ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఒక పెగ్మటైట్ డైక్ (గ్రానైట్ ద్రవం పగులులో దూరి పెద్ద పెద్ద స్ఫటికాలుగా గట్టిపడిన రాతి పలక) మ్యాప్ చేశాను. మందం 6 మీటర్లు, బయటికి కనిపించే పొడవు 80 మీటర్లు, బాగా పడుకున్న వాలు. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే అంచు నుంచి నడిమికి బోర్డర్ జోన్, వాల్ జోన్, ఇంటర్మీడియట్ జోన్, కోర్ అని గీసి, పైనా కిందా అద్దంలో పెట్టినట్టు సమానంగా రంగులేసి ఇచ్చాను. గైడ్ గారు దాని మీద ఎర్ర ఇంకుతో రాసింది ఒకే ఒక్క వాక్యం: "కింది గోడ దగ్గర పంచదారలాంటి అప్లైట్, పై గోడ దగ్గర మూరెడు ఫెల్డ్‌స్పార్, రెండూ ఒకే జోన్ ఎలా అయ్యాయమ్మా?"

నిజమే, అక్కడ అలాగే ఉంది: కింద సన్నగింజల అప్లైట్ రాయి, పైన పెద్ద ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు. నేనే చూసీ చూడనట్టు గీసేశాను. ఇప్పుడు మొదటి నుంచీ అన్నీ సందేహాలే. ఈ జోన్లన్నీ ఒకే ద్రవంలోంచి వచ్చాయా, విడతలు విడతలుగా వచ్చి చేరాయా? నడిమధ్య ఒట్టి పలుగురాయే ఎందుకు మిగిలింది? ఇంతింత స్ఫటికాలు కావాలంటే ఎన్ని లక్షల ఏళ్ళు చల్లారాలి?

కాకిబంగారం
ఎర్ర ఇంకు పడిందంటే గైడ్ గారు మ్యాపు చూశారన్నమాట. మా రోజుల్లో అది కూడా లేదు.

గుండ్రాయి
నాకూ ఇదే సందేహం. ఇక్కడే కూర్చుంటా.

సుత్తి_మాస్టారు
మూడో ప్రశ్నతో మొదలెడతాను, ఎందుకంటే అది తప్పయితే మిగతా రెండూ తప్పుతాయి. లక్షల ఏళ్ళు మర్చిపో. వేడి రాతిలోంచి బయటికి పోయే వేగం మనకి తెలుసు. డైక్ సగం మందాన్ని వర్గం చేసి, రాతి ఉష్ణ విసరణ గుణకంతో (సెకనుకి చదరపు మీటరులో పది లక్షల వంతు) భాగిస్తే సుమారు కాలం వస్తుంది. నీ డైక్ సగం మందం 3 మీటర్లు. వర్గం 9. అంటే 90 లక్షల సెకన్లు. రోజుల్లోకి మార్చు.

పలుగురాయి_పిల్ల
104 రోజులు??? ఎక్కడో సున్నాలు పోయినట్టున్నాయి మాస్టారూ.

సుత్తి_మాస్టారు
ఏమీ పోలేదు. పక్కరాయి ముందే వేడిగా ఉంటే ఇంకాస్త పడుతుంది, స్ఫటికాలు కట్టేటప్పుడు వెలువడే గుప్తోష్ణం ఇంకొంచెం కలుపుతుంది. రెట్టింపు చేసుకో, మూడింతలు చేసుకో. అయినా ఏడాది దాటడం కష్టం. అదే 20 మీటర్ల డైక్ అయితే మూడేళ్ళు. మూరెడు ఫెల్డ్‌స్పార్ వంద రోజుల్లో పెరిగిందంటే రోజుకి నాలుగున్నర మిల్లీమీటర్లు. "నిదానంగా చల్లారితేనే పెద్ద స్ఫటికం" అన్న మాట గ్రానైట్‌కి బాగానే నప్పుతుంది. దాన్ని ఇక్కడికి మోసుకొస్తే మాత్రం బోల్తా పడతాం.

అడ్డప్రశ్న
మరి అమెరికాలో బ్లాక్ హిల్స్ ఎట్టా గనిలో 14 మీటర్ల స్పోడ్యుమిన్ (లిథియం ఖనిజం) స్ఫటికం దొరికింది. మడగాస్కర్‌లో 18 మీటర్ల బెరిల్ (బెరీలియం ఖనిజం). అవి కూడా మూడు నెలల పంటేనా?

సుత్తి_మాస్టారు
అవి మందమైన పెగ్మటైట్లవి, మూడు నెలలని నేననలేదు. లెక్క చెప్పేది ఒక్కటే: భూగర్భశాస్త్రం లెక్కన రెప్పపాటు. వాన వెలిశాక పుట్టగొడుగు లేచినట్టు లేచాయి.

ఫర్నేస్_బాబు
నేను జియాలజీ వాణ్ణి కాదు, ల్యాబ్‌లో స్ఫటికాలు పెంచేవాణ్ణి. మీకు వింతగా ఉన్నది మాకు రోజూ చూసేదే. స్ఫటికం పెద్దదవడానికి రెండు కావాలి. విత్తనాలు తక్కువ మొలకెత్తాలి, మొలకెత్తిన దానికి మేత వేగంగా అందాలి. ద్రవంలో బోరాన్, ఫ్లోరిన్, ఫాస్ఫరస్, నీరు లాంటి ఫ్లక్స్ ఉంటే ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి. సిలికా గొలుసులు తెగి ద్రవం పలచబడుతుంది, అయాన్లు చకచకా ఈదుతాయి. విత్తనం కట్టడం మాత్రం ఆలస్యమవుతుంది.

ఒకసారి మా బోరేట్ మిశ్రమం గడ్డకట్టాల్సిన ఉష్ణోగ్రత దాటి చాలా కిందికి వచ్చినా అద్దంలా తేటగా ఉండిపోయింది. కరెంటు పోయిందో, థర్మోకపుల్ పాడైందో అనుకుని మూత తీశాను. గోడ అంచున ఒక్క చోట మొలక పడింది. చూస్తుండగానే అక్కడి నుంచి ఈకలు ఈకలుగా నడిమికి పాకింది. గంట తర్వాత ద్రవమన్నది లేదు. మీ డైక్‌లో స్ఫటికాలు కూడా గోడల నుంచి నడిమికే చూస్తుంటాయి కదా?

పలుగురాయి_పిల్ల
అవును అన్నా. పై గోడ నుంచి నల్ల టూర్మలీన్లు దువ్వెన పళ్ళలా లోపలికి దిగాయి. గోడ దగ్గర పెన్సిలంత, లోపలికి పోయేకొద్దీ మణికట్టంత.

సుత్తి_మాస్టారు
నీ మొదటి ప్రశ్నకి జవాబు నువ్వే చెప్పావు, చూసుకున్నావా? ఆ టూర్మలీన్ బోర్డర్ జోన్‌లో పుట్టి, వాల్ జోన్ దాటి, ఎక్కడా తెగకుండా పెరిగింది. విడతలు విడతలుగా ద్రవం వచ్చి ఉంటే ప్రతి విడతకీ ఒక సన్నగింజ అంచు ఉండాలి, పాత పొరని కొత్తది కోసిన గుర్తు ఉండాలి. అవేవీ లేవు. ఒకే ద్రవం గోడల నుంచి లోపలికి గడ్డకట్టుకుంటూ వచ్చింది. పుస్తకంలో నాలుగు జోన్ల బొమ్మ 1949లో కామెరన్, జాన్స్, మెక్‌నేర్, పేజ్ కలిసి స్థిరపరచిన పద్ధతి. అది పనికొచ్చే పద్ధతే. కానీ ప్రతి డైక్‌లో నాలుగూ ఉండాలనీ, రెండు వైపులా సమానంగా ఉండాలనీ వాళ్ళూ అనలేదు.

కెనడాలో బెర్నిక్ సరస్సు కింద ఉన్న టాంకో పెగ్మటైట్‌ని తీసుకో. తొమ్మిది జోన్లు గుర్తించారు. అందులో ఇంటర్మీడియట్ అన్నవే మూడు: కింది, పై, మధ్య. సీజియం ఖనిజం పొల్లుసైట్ నడిమధ్య కాదు, పై భాగంలో ముద్దలుగా కూర్చుంది. ఉల్లిపాయ కోస్తే అలా రాదు.

కాకిబంగారం
అంటే ఉల్లిపాయ కాదు, పిల్లలు తొక్కిన పరుపు.

స్ఫటికప్రియ
నేను సేకరణ వైపు మనిషిని. మీరు డైక్ మొత్తంలో చూసేది నేను ఒక్క స్ఫటికంలో చూస్తాను. నా దగ్గర ఒక టూర్మలీన్ ఉంది, బొటనవేలంత. అడుగు బొగ్గు నలుపు, ఆ పైన సీసా ఆకుపచ్చ, కొసకి గులాబీ. లెన్స్ కింద పెడితే నలుపు నుంచి పచ్చకి మార్పు మెల్లిగా ఉంటుంది, పచ్చ నుంచి గులాబీకి మాత్రం కత్తితో గీసినట్టు. ఎందుకలా?

మైక్రోప్రోబ్
నలుపు భాగం షోర్ల్, ఇనుము టూర్మలీన్. ద్రవంలో ఇనుము ఉన్నంతసేపూ షోర్ల్, బయోటైట్, గార్నెట్ దాన్ని తినేస్తాయి. ఇనుము అడుగంటాక ఆ స్థానంలో లిథియం, అల్యూమినియం చేరతాయి. అదే ఎల్బైట్. మిగిలిన కాస్త ఇనుముతో పచ్చ, అదీ పోయాక మాంగనీస్‌తో గులాబీ. గార్నెట్‌లో కూడా ఇదే వరస: గోడ దగ్గర ఆల్మండైన్, లోపలికి పోతే స్పెస్సార్టైన్. కాబట్టి మీ బొటనవేలు ఒక డైరీ.

కత్తి గీతకి నా అనుమానం: ఆ స్ఫటికం పెరిగిన కుహరం (పాకెట్ అంటాం) గోడ పగిలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయింది, ద్రవం మారిపోయింది. చాలా పాకెట్లలో విరిగి మళ్ళీ అతుక్కున్న స్ఫటికాలు ఉంటాయి. మీ దాంట్లో చూశారా?

స్ఫటికప్రియ
ఉంది! సరిగ్గా గీత దగ్గరే చిన్న పగులు, గులాబీతో పూడింది. పదేళ్ళుగా దాన్ని లోపం అనుకుని అందరికీ వెనక్కి తిప్పి చూపిస్తున్నాను.

అడ్డప్రశ్న
ఫర్నేస్ బాబు, స్ఫటికప్రియ చెప్పినవి బాగున్నాయి కానీ అసలు గొడవ దాటేశారు. కింది గోడ అప్లైట్, పై గోడ మూరెడు ఫెల్డ్‌స్పార్ ఎందుకు? దీనికి 1969లోనే రిచర్డ్ జాన్స్, వేన్ బర్నమ్ జవాబిచ్చారు. ద్రవం నీటితో సంతృప్తమై నీటి ఆవిరి బుడగలు విడిపోతాయి. 2 కిలోబార్ ఒత్తిడిలో గ్రానైట్ ద్రవంలో 6 శాతం దాకా నీరు కరుగుతుంది. స్ఫటికాలు కడుతుంటే మిగిలిన ద్రవంలో నీరు పోగవుతుంది, ఇక పట్టనంత అయ్యాక విడిపోతుంది. ఆ నీరు పొటాషియాన్ని తీసుకుని పైకెళ్తుంది. పైన పొటాష్ ఫెల్డ్‌స్పార్, కింద సోడియం మిగిలి ఆల్బైట్ (సోడియం ఫెల్డ్‌స్పార్) అప్లైట్. సుబ్బరంగా సరిపోయింది. ఇంకేం కావాలి?

సుత్తి_మాస్టారు
నేనూ పాతికేళ్ళు అదే చెప్పాను, అదే నమ్మాను. తర్వాత మానుకున్నాను. డేవిడ్ లండన్ అనే శాస్త్రవేత్త బృందం పెరూలోని మకుసాని గాజుతో ప్రయోగాలు చేసింది. ఆ గాజు బోరాన్, ఫాస్ఫరస్, ఫ్లోరిన్ దండిగా ఉన్న సహజ అబ్సిడియన్, అంటే పెగ్మటైట్ ద్రవాన్ని సీసాలో పట్టి ఇచ్చినట్టే. 1989లో అచ్చయిన ఫలితాల్లో, 2 కిలోబార్ దగ్గర, నీరు విడిపోని పరిస్థితుల్లోనే గోడ నుంచి నడిమికి జోన్లు కట్టాయి. బుడగ లేకుండానే!

అడ్డప్రశ్న
బంగారు గొట్టంలో చిటికెడు పొడి. దానికీ కొండకీ పోలికా?

సుత్తి_మాస్టారు
చిటికెడు పొడిలో కట్టింది కాబట్టే నమ్మాలయ్యా. అంత చిన్న గొట్టంలో బుడగ పైకి లేచి పొటాషియం మోసేంత చోటెక్కడిది?

కాకిబంగారం
మాస్టారి సుత్తి కింద ఒక రాయి పగిలింది.

ఫర్నేస్_బాబు
లండన్ వాడిన పేరు విన్నాను, 'కాన్‌స్టిట్యూషనల్ జోన్ రిఫైనింగ్'. జోన్ రిఫైనింగ్ మా ఇంటి మాట. సిలికాన్ కడ్డీ మీద ఒక సన్నని కరిగిన పట్టీని ఈ చివర నుంచి ఆ చివరికి నడిపిస్తాం. వెనక గడ్డకట్టే స్ఫటికం మాలిన్యాలని లోపలికి రానివ్వదు, అవి కరిగిన పట్టీలోనే ఉండి చివరికి చేరతాయి. చివరి ముక్క కోసి పారేస్తాం. పెగ్మటైట్ మీరు పారేయకుండా తవ్వుకునే చివరి ముక్క, అంతేనా?

మైక్రోప్రోబ్
భలే చెప్పారు. చిన్న తేడా ఉంది. మీ పట్టీ హీటర్‌తో కరుగుతుంది, ఇక్కడిది ఫ్లక్స్‌తో. స్ఫటికం పెరిగే ముఖం ముందు, దానికి అక్కర్లేనివన్నీ (బోరాన్, ఫ్లోరిన్, ఫాస్ఫరస్, నీరు, లిథియం, సీజియం) ఒక పలచటి పొరలో పోగవుతాయి. మిగతా ద్రవం చిక్కగా, అతిశీతలంగా (గడ్డకట్టే ఉష్ణోగ్రత కిందికి పోయినా ద్రవంగానే) ఉంటుంది, ఈ పొర మాత్రం పలచగా, చురుగ్గా ఉంటుంది. ఆ పొర గోడ నుంచి నడిమికి జరుగుతూ అరుదైన మూలకాలని ఊడ్చుకుంటూ పోతుంది. అందుకే నడిమి దాకా మామూలు గ్రానైట్ ఖనిజాలు, నడిమికొచ్చేసరికి ఒక్కసారిగా లిథియం, టాంటలం, సీజియం ప్రత్యక్షం. మెల్లిగా పెరగాల్సింది చివర్లో గెంతుతుంది.

ఉష్ణోగ్రతల సంగతి కూడా. నీటితో నిండిన మామూలు గ్రానైట్ 2 కిలోబార్ దగ్గర 680 డిగ్రీల వద్ద పూర్తిగా గట్టిపడాలి. పెగ్మటైట్ ఫెల్డ్‌స్పార్ల జతలని కొలిస్తే 450 అటూ ఇటూ వస్తుంది. ఆ 200 డిగ్రీలకు పైగా ఉన్న తేడాయే ఫర్నేస్ బాబు గారి 'తేటగా ఉండిపోయిన' ద్రవం.

అడ్డప్రశ్న
అయితే బుడగలే లేవంటారా? పాకెట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ ఖాళీ ఏమిటి మరి?

మైక్రోప్రోబ్
లేవని ఎవరన్నారు? చివర్లో వస్తాయి. అసలు గొడవ అంతా బుడగ ఎప్పుడొచ్చింది అన్నదే. లోతు తక్కువైన డైకుల్లో (ఒత్తిడి 1–2 కిలోబార్) చివరి ద్రవం నీటిని పట్టి ఉంచలేదు, పాకెట్ తెరుచుకుంటుంది. లోతున ఉన్నవాటిలో పాకెట్లు అరుదు. జర్మనీ ఎరెన్‌ఫ్రీడర్స్‌డార్ఫ్ పలుగులో రైనర్ థామస్ వాళ్ళు చూసిన ద్రవ బిందువుల్లో రెండు రకాలున్నాయి: ఒకటి సిలికా ఎక్కువ, ఇంకొకటి నీరు ఎక్కువ, నూనె-నీళ్ళలా విడివిడిగా. కాబట్టి జాన్స్‌నీ పూర్తిగా పాతిపెట్టలేం.

అడ్డప్రశ్న
ఈ ఒక్క వాక్యం చాలు, ఈ రాత్రికి నిద్ర పడుతుంది.

పలుగురాయి_పిల్ల
మీరంతా కొట్టుకుంటుంటే నా రెండో ప్రశ్న మర్చిపోయారు. నడిమి పలుగు. గ్రానైట్ ద్రవంలో పలుగు మూడో వంతు మించదు కదా, మరి ఒట్టి పలుగు కోర్ ఎలా? నా డైక్‌లో కోర్ మందం 1.2 మీటర్లు. అంటే డైక్‌లో 20 శాతం!

సుత్తి_మాస్టారు
కోర్ 80 మీటర్ల పొడవునా ఉందా?

పలుగురాయి_పిల్ల
లేదు. నడిమిలో ఒక 25 మీటర్లు. రెండు కొసలా సన్నబడి మాయమైంది.

సుత్తి_మాస్టారు
అయితే 20 కాదు. 0.2ని 25తో గుణించి 80తో భాగించు, 6 శాతం చిల్లర. కొసలు సన్నబడ్డాయన్నావు కాబట్టి 5కి దిగుతుంది. పాఠ్యపుస్తకాల అడ్డకోత బొమ్మ కోర్ బాగా లావుగా ఉన్నచోటే గీస్తారు, అందరూ అదే చూసి "ఇంత సిలికా ఎక్కడిదీ" అని గుండెలు బాదుకుంటారు. మొత్తం డైక్ సగటు తీస్తే గ్రానైట్ దగ్గరికే వస్తుంది. ముందు ఫెల్డ్‌స్పార్లు గోడల నుంచి పెరుగుతూ తమ వాటా కంటే ఎక్కువ లాక్కుంటే, మిగిలిన ద్రవంలో సిలికా పాలు పెరిగి చివరికి పలుగు ఒంటరిగా మిగులుతుంది. గ్రాఫిక్ గ్రానైట్ ఉందా నీ దాంట్లో?

పలుగురాయి_పిల్ల
ఉంది, వాల్ జోన్ లోపలి అంచున. ఫెల్డ్‌స్పార్ మీద పలుగు గీతలు ఏదో పాత లిపిలా. ఒక ముక్క టేబుల్ మీద పెట్టుకున్నా, చదవడం రాలేదు.

కాకిబంగారం
"మ్యాపు మళ్ళీ గీయుము" అని ఉంటుంది.

ఫర్నేస్_బాబు
అది రెండు ఖనిజాలు ఒకేసారి హడావిడిగా పెరిగిన గుర్తు. ఫెల్డ్‌స్పార్ ముఖం ముందు సిలికా పోగై, దానికి తప్పుకునే తీరిక లేక అక్కడికక్కడే పలుగు కడ్డీలుగా కట్టింది. పాళ్ళు సుమారు ముప్పాతిక ఫెల్డ్‌స్పార్, పావు పలుగు. ద్రవం అతిశీతలంగా ఉందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏముంది?

గుండ్రాయి
లిథియం ఉందో లేదో కంటికి తెలుస్తుందా? తెల్లరాళ్ళన్నీ నాకు ఒకలాగే కనిపిస్తాయి.

సుత్తి_మాస్టారు
నీకే కాదు, నాకూ అంతే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు డ్రిల్ కోర్ (బోరు వేసి తీసిన రాతి కడ్డీ) చూసి వివరాలు లాగ్ చేస్తూ 3 మీటర్లు "తెల్ల ఫెల్డ్‌స్పార్" అని రాసిపడేశాను. కోర్ పెట్టె మోసే కుర్రాడు "సార్, ఈ ముక్క బరువెక్కువ" అన్నాడు. వినలేదు. అది ఆంబ్లిగొనైట్, లిథియం ఫాస్ఫేట్. సాంద్రత 3 దాటుతుంది, ఫెల్డ్‌స్పార్‌ది 2.6. ఆ కుర్రాడి చెయ్యే నా కన్ను కంటే పదునైనది. తర్వాత గోరంత పొడి తీగ మీద పెట్టి మంటలో చూపిస్తే కుంకుమలా ఎర్రగా మండింది, లాగ్ మొత్తం తిరగరాశాను.

గుర్తు పెట్టుకో: స్పోడ్యుమిన్ బరువు (3.1 పైన), పొడవాటి పలకలుగా చీలుతుంది. పెటలైట్ తేలిక, 2.4. తేలిక తెల్లరాయి, బరువు తెల్లరాయి, రెండింటినీ అనుమానించు.

అడ్డప్రశ్న
పెటలైట్, స్పోడ్యుమిన్ రెండూ లిథియం అల్యూమినియం సిలికేట్లే. ఏది వస్తుందన్నది ఎవరు నిర్ణయిస్తారు?

మైక్రోప్రోబ్
ఒత్తిడి, వేడి. పెటలైట్ అంటే స్పోడ్యుమిన్‌తో రెండు పాళ్ళ పలుగు కలిపినది. వేడి ఎక్కువగా, ఒత్తిడి తక్కువగా ఉంటే పెటలైట్. చల్లారుతుంటే అది విడిపోయి స్పోడ్యుమిన్, పలుగు అల్లికగా మారుతుంది. టాంకోలో ఈ అల్లిక దండిగా ఉంది, బయటి ఆకారం మాత్రం ఇంకా పాత పెటలైట్‌దే. చొక్కా పాతది, మనిషి కొత్త.

అడ్డప్రశ్న
సరే, ఇంకో పేచీ. లిథియం అంత ఎలా పోగైంది? స్పోడ్యుమిన్ కట్టాలంటే ద్రవంలో వేల పీపీఎం (పది లక్షల్లో ఇన్ని వంతులు) లిథియం కావాలి. మంచి గ్రానైట్‌లో 60 పీపీఎం అనుకుందాం. 95 శాతం గడ్డకట్టి 5 శాతం ద్రవం మిగిలినా, మైకా కాస్త లిథియం పట్టేస్తుంది కాబట్టి విభజన గుణకం (స్ఫటికాల్లో పాలుకీ ద్రవంలో పాలుకీ నిష్పత్తి) 0.3 తీసుకుంటే, 8 రెట్లే పెరుగుతుంది. 490 పీపీఎం. ఎక్కడ 490, ఎక్కడ వేలు?

సుత్తి_మాస్టారు
ఇది అసలైన ప్రశ్న. ఒక్క మెట్టులో కాదు, మెట్ల మీద మెట్లు. గ్రానైట్ మిగిల్చిన ద్రవం ఇంకో గదిలోకి పోయి మళ్ళీ వడకట్టుకోవాలి. అందుకే తల్లి గ్రానైట్ చుట్టూ దగ్గర్లో గొడ్డు (అరుదైన మూలకాలు లేని) పెగ్మటైట్లు, ఆ తర్వాత బెరిల్‌వి, దూరంగా లిథియం, సీజియం, టాంటలంవి అన్న వరస చాలాచోట్ల కనిపిస్తుంది. దూరం పోయిందే బాగా వడకట్టుకుంది.

మైక్రోప్రోబ్
మాస్టారు తల్లిని చూపించారు, కానీ చాలా పెగ్మటైట్లకి తల్లి కనిపించదు. అమెరికా మెయిన్‌లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ వాటిని నేరుగా మట్టిశిలల రూపాంతర రాళ్ళు కరిగి వచ్చినవని వాదిస్తున్నారు. మూల రాయిలోనే లిథియం ఎక్కువుంటే మెట్లు తగ్గుతాయి. 2022లో వైజ్, ముల్లర్, సిమ్మన్స్ ఇచ్చిన కొత్త వర్గీకరణ గ్రానైట్ శేష ద్రవాలు, నేరుగా కరిగి వచ్చినవి అని రెండు పుట్టుకల్నీ ఒప్పుకుంటుంది. లిథియం-సీజియం-టాంటలం, నియోబియం-ఇట్రియం-ఫ్లోరిన్ అన్న పాత రెండు కుటుంబాల పేర్లు ఇంకా నోళ్ళలో ఆడుతున్నాయి గానీ.

పలుగురాయి_పిల్ల
నియోబియం, టాంటలం అనగానే గుర్తొచ్చింది. రెండూ కవలలంటారు, ఒకే చార్జి, ఒకే అయాన్ సైజు. మరి ఒకటి ముందు, ఒకటి వెనక ఎందుకు?

మైక్రోప్రోబ్
సైజు ఒకటే, కరిగే గుణం వేరు. 1997లో లినెన్, కెప్లర్ ప్రయోగాల్లో మాంగనీస్ కొలంబైట్ (నియోబియం ఖనిజం) కంటే మాంగనీస్ టాంటలైట్ (టాంటలం ఖనిజం) గ్రానైట్ ద్రవంలో ఎక్కువ కరుగుతుందని తేలింది. కాబట్టి నియోబియం ముందు దిగిపోతుంది, టాంటలం చివరిదాకా ద్రవంలో తిరుగుతుంది. ఇనుము కూడా ముందే అయిపోతుంది. అందుకే గోడ దగ్గర ఇనుము కొలంబైట్, తర్వాత మాంగనీస్ కొలంబైట్, లోపల మాంగనీస్ టాంటలైట్.

ఒక్క గింజలో కూడా చూడొచ్చు. ఎలక్ట్రాన్ చిత్రంలో టాంటలం ఉన్నచోట తెల్లగా, నియోబియం ఉన్నచోట బూడిదగా కనిపిస్తుంది. పోయిన నెల నేను చూసిన గింజ అరమిల్లీమీటరు. నడిమి బూడిద, చుట్టూ సన్నని తెలుపు-బూడిద చారలు ఇరవై దాకా, అంచుకి తెలుపు. అంతవరకూ పుస్తకం. తెలుపు దాటాక మళ్ళీ వెంట్రుకవాసి బూడిద పొర, అదీ ఒక్క పక్కే, లోపలికి కొరికినట్టు. చివర్లో ఏదో ద్రవం వచ్చి పాతదాన్ని కరిగించి తిరగరాసింది. వరస ఒకే దిక్కుకి పోతుందని ఎవరన్నా అంటే ఆ గింజ చూపిస్తాను.

స్ఫటికప్రియ
నా టూర్మలీన్ పగులూ ఇదే బాపతు కదా. ఇంతకాలం వెనక్కి తిప్పి ఎంత పాపం చేశాను.

సుత్తి_మాస్టారు
పిల్లా, రంగులూ సైజులూ చూసి జోన్లు గీయకు. పొటాష్ ఫెల్డ్‌స్పార్ ముక్కలు గోడ నుంచి గోడకి పది చోట్ల తీసి పొటాషియం-రుబీడియం నిష్పత్తి చూడు. రుబీడియం అయాన్ పొటాషియం కంటే లావు (1.52 ఆంగ్‌స్ట్రామ్, అది 1.38), ఫెల్డ్‌స్పార్ ఇష్టంలేకుండా తీసుకుంటుంది. ద్రవం ముదిరేకొద్దీ నిష్పత్తి పడిపోతుంది. మామూలు గ్రానైట్‌లో 200 అటూ ఇటూ, లిథియం పెగ్మటైట్లలో 30 కిందికి, టాంకోలో పది లోపుకి కూడా దిగింది. ఏది ముందు కట్టింది, ఏది తర్వాత అన్నది ఆ అంకె చెబుతుంది.

పలుగురాయి_పిల్ల
డిపార్ట్‌మెంట్‌లో చేతితో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేలతో మూలకాలు కొలిచే పరికరం) ఉంది. సరిపోతుందా?

మైక్రోప్రోబ్
పొటాషియం, రుబీడియం బాగా చూస్తుంది. లిథియాన్ని మాత్రం చూడలేదు, దాని జోలికి పోకు. తాజా చీలిక ముఖం మీద పెట్టు, మట్టి మీద కాదు. ఒక్కో చోట మూడేసి రీడింగులు.

గుండ్రాయి
ఫలితం ఇక్కడే పెట్టండి. పది రోజులైనా ఆగుతా.

పలుగురాయి_పిల్ల
పన్నెండు రోజులు పట్టింది. పై గోడ నుంచి కిందికి వరసగా: 162, 148, 120, 71, 44, కోర్ అంచున 28. కోర్ దాటాక: 39, 88, 131. కింది గోడ అప్లైట్‌లో ఫెల్డ్‌స్పార్ గింజలు చిన్నవి, వెతికి పట్టుకున్నాను: 155. అంటే పైన మూరెడు ఫెల్డ్‌స్పార్, కింద పంచదార అప్లైట్ దాదాపు ఒకే వయసువి! కనిపించే తీరు వేరు, కట్టిన సమయం ఒకటే. గైడ్ గారికి ఇదే చూపించాను. ఎర్ర ఇంకు మీద నీలం ఇంకుతో టిక్కు పెట్టారు.

ఒకటే తంటా. అప్లైట్‌లోనే, గోడకి జానెడు దూరంలో, ఒక చోట 35 వచ్చింది. తొమ్మిది సార్లు కొలిచాను, 35 చుట్టూనే.

అడ్డప్రశ్న
అదిగో. నా బుడగ దారి తప్పి కిందికొచ్చింది.

సుత్తి_మాస్టారు
అక్కడ మైకా ఏ రంగు?

పలుగురాయి_పిల్ల
మిగతా అప్లైట్‌లో వెండి తెలుపు. అక్కడ... ఫొటో పెద్దది చేసి చూస్తే లేత వంగపండు రంగులా ఉంది. లిథియం మైకా, అంటే లెపిడోలైటా?

సుత్తి_మాస్టారు
కావచ్చు. నేనింతకు ముందు చెప్పిన 1949 వాళ్ళు జోన్లతో పాటు ఇంకో రెండు రకాలు వేరుగా పెట్టారు: పగుళ్ళలో నిండినవి, పాతదాన్ని తినేసి కూర్చున్నవి. రేపు పోయి ఆ చోటు తడిపి చూడు. పొడిరాయి మీద కనపడని గీత తడిస్తే కనపడుతుంది. కోర్ వైపు నుంచి ఏదైనా వస్తోందేమో.

పలుగురాయి_పిల్ల
సీసాడు నీళ్ళు పోశాను మాస్టారూ. వేలెడు వెడల్పు గీత, కోర్ అంచు నుంచి ఇంటర్మీడియట్‌నీ వాల్ జోన్‌నీ అడ్డంగా కోసుకుంటూ సరిగ్గా ఆ 35 దగ్గరికి దిగింది. లోపల పలకల ఆల్బైట్, వంగపండు మైకా, అక్కడక్కడా అగ్గిపుల్ల తలంత నల్ల గింజలు, బాగా బరువు. వాటిని మైక్రోప్రోబ్ గారికి పంపనా?

మైక్రోప్రోబ్
పంపు. గీతకి ఏ వైపు నుంచి తీశావో బాణం గుర్తు వేసి పంపు.

కాకిబంగారం
మ్యాపులో ఆ గీతకి ఏ రంగేస్తావు? ఎర్ర ఇంకు మిగిలే ఉంటుంది.